కారు కింద రాగి బిందె

మా ముత్తాత నరసింగరావు గారు పద్నాలుగు గ్రామాలకు దేశ్‌ముఖ్. మా తాత రంగారావు గారు మేనాలో బయలుదేరితే ముందొక మనిషి, వెనకొక మనిషి పరుగెత్తేవారు. మా బాపు మాధవరావు గారు మంథని చుట్టుపక్కల పల్లెలకు మోటారు కారు తెచ్చిన మొదటి మనిషి. ఇంటిపేరు రాయను. రాస్తే ఈ జిల్లాలో గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. గుర్తుపట్టి లేచి నిలబడేవాళ్లు మాత్రం లేరు.

ఆ ముగ్గురి తర్వాతివాణ్ణి నేను. నడుము వంచకుండా కూర్చోవడం, అడిగినదానికి తప్ప జవాబు చెప్పకపోవడం, ఇవే నాకు మిగిలిన ఆస్తులు. వీటితోపాటు ఒక బరువు కూడా ఉంది. పదిహేనేళ్లుగా మోస్తున్నాను. కోర్టుకెక్కే నేరమేమీ కాదు. ఒక మనిషి చేసిన పనిని, ఆ మనిషి ఎదుటనే, ఎవరూ చేయలేదని చెప్పాను. ఆ తర్వాత సరిదిద్దుకునే వీలు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నోరు విప్పలేదు.

మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఎదురుగా కూర్చుని మీరు నా ముఖం చూస్తుంటే చెప్పగలిగేవాణ్ణి కాను.

కారు విలాయతిది. నల్లటిది. రెండు పక్కలా కాలు పెట్టి ఎక్కడానికి పొడుగాటి మెట్లు, బాపు కూర్చునే వెనక సీటుకు తోలు. దాని గొప్పంతా చప్పుడు లేకపోవడంలోనే ఉండేది. మేం హారన్ కొట్టేవాళ్లం కాదు. ముందు దుమ్ము కనిపించేది. తర్వాత గోడ గడియారం లోపల తిరిగినట్టు సన్నటి సవ్వడి. అంతే, అరుగుల మీదివాళ్లు లేచేవారు. గొడుగులు దిగేవి. కాళ్ల చెప్పులు చేతికొచ్చేవి. భయంతో లేచారా, గౌరవంతో లేచారా అని ఆ రోజుల్లో నేను అడగలేదు. ఇప్పుడు అడిగితే వచ్చే జవాబు నాకు నచ్చదు.

పోలీసు చర్య వచ్చింది. భూములు పోయాయి, చట్టానికి కొన్ని, కోర్టులకు కొన్ని, మా చేతకానితనానికి తక్కినవి. డ్రైవరు పోయాడు. బాపు చూపు పోయింది. కారు మిగిలింది. ప్రతి ఏకాదశికి నేనే నడిపి బాపును మంథనికి, గోదావరి స్నానానికి తీసుకుపోయేవాణ్ణి. వెండి పొన్ను వేసిన చేతికర్ర పట్టుకుని వెనక సీటులో నిటారుగా కూర్చునేవారు. చూపు పోయాక ఆయనకు లోకమంటే చప్పుళ్లే. వాగు దాటామని, గానుగ దాటామని, మగ్గాల వాడకట్టు వచ్చిందని ఆయనే చెప్పేవారు. ఊళ్లోంచి పోతున్నప్పుడు ముందుకు వంగి ఒకటే అడిగేవారు.

"లేస్తున్నరా?"

"లేస్తున్నరు బాపూ."

ఎవరూ లేచేవారు కాదు. కొందరు చూసేవారు, అంతే. ఇది కూడా అబద్ధమే. కానీ ఈ అబద్ధం నన్ను ఎన్నడూ బాధపెట్టలేదు.

ఒక ఎండాకాలం కారు చెడింది. చెడగొట్టింది నేను. ఒక్కణ్ణే వస్తున్నాను. ఒక ఊరి చాయ హోటల్ ముందు ఇంజన్ మసిలి ఆగిపోయింది. గంటసేపు చల్లారనివ్వాలి. ఆ మాత్రం నాకు తెలుసు. హోటల్ బల్ల మీద అయిదారుగురు కూర్చుని చూస్తున్నారు. వాళ్లలో ఇద్దరి తండ్రులు మా గడీలో పనిచేసినవాళ్లు. వాళ్ల కళ్ల ముందు గంటసేపు రోడ్డు మీద నిలబడాలా? బావిలోంచి చేదెడు నీళ్లు తెచ్చి కాగుతున్న ఇంజన్‌లో పోశాను. టప్పుమని పగిలింది. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. నిలబడలేకపోయిన గంట ఖరీదు అది.

ఆ ఇంజన్ ఇక దొరకదన్నారు. చాందా వైపు మిలటరీ వాళ్లు వేలం వేసిన లారీ ఇంజన్ ఒకటి దొరికితే, అటునుంచి వచ్చిన ఫిట్టరు దాన్నే మా కారుకు ఎక్కించి పోయాడు. కారు కదిలింది. కానీ ఆ మొరుగుడు! బాపుతో కారు మరమ్మతుకు హైదరాబాదు పోయిందని చెప్పాను. ఊరవతల తోటలో, ఇంట్లోకి చప్పుడు వినిపించనంత దూరంలో ఉన్న కొట్టంలో దాన్ని దాచాను.

అక్కడికి వచ్చాడు లచ్చయ్య.

లచ్చయ్య మా ఊరి కంచరి. నాకంటే అయిదారేళ్లు పెద్ద. మా ఇంట్లోని ఇత్తడి, రాగి సామానంతా వాళ్ల తాతో, నాయనో, అతనో చేసిందే. కొత్త సామాను ఇంటికి వస్తే దాని మీద పేరు కొట్టించడం ఆనవాయితీ. చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా ఆ పేరు కొట్టేది కూడా కంచరే. మా వంశంలోని పేర్లన్నీ లచ్చయ్య చేతికి వచ్చు. చేసినవాడి పేరు కొట్టడం మాత్రం ఎక్కడా లేదు. అది ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అప్పటికే అంగట్లోకి సత్తు గిన్నెలు వచ్చాయి. లచ్చయ్య కొలిమి వారానికి రెండు రోజులు మండితే గొప్ప.

కొట్టం తలుపు తోసి అతనన్న మొదటి మాట ఇది. "ఏంది చిన దొరా, లోపట బర్రె ఈనుతున్నదా?"

మరొకడు అంటే ఊరుకునేవాణ్ణి కాను. లచ్చయ్య మీద కోపం రాలేదు. ఎందుకో జరిగిందంతా చెప్పాను. బాపు చెవుల సంగతి కూడా చెప్పాను. అతను కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, పొగ గొట్టం చివర చెవి పెట్టి, మసి అంటిన చెవితోనే నా వైపు తిరిగి, చూద్దామన్నాడు.

మొదట గొట్టానికి ఒక డబ్బా చేశాడు. పాత డ్రమ్ము రేకు కోసి గుండ్రంగా చుట్టి, దాని నడిమధ్య నుంచి చిల్లులు పొడిచిన గొట్టం పోనిచ్చి, చుట్టూ లేత్ మిషన్ కింద రాలే ఇనుప చుట్టలు కూరాడు. ఆ చుట్టలు కరీంనగర్ నుంచి గోనెసంచిలో నేనే తెచ్చాను, బస్సులో ఒళ్లో పెట్టుకుని. అంతకుముందు నేను సంచి మోసిన గుర్తు లేదు. డబ్బా బిగించగానే మొరుగుడు పోయింది. అడుగున ఇంకొకటి మిగిలింది. కారు నెమ్మదిగా, సరిగ్గా బాపుకు ఇష్టమైన నడకలో పోతున్నప్పుడు, వెనక సీటులో గుమ్మ్ అని ఒక మోత. చెవికంటే ముందు రొమ్ముకు తగిలేది.

లచ్చయ్య రెండు రోజులు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. మూడో రోజు మా అమ్మను, అదే మా అవ్వను, అడిగి మా ఇంట్లోని బిందెలు, గుండిగలు, చెంబులు అన్నీ బండిలో వేయించి తోటకు తెచ్చాడు. కారు వెనక వరసగా నిలబెట్టాడు. నన్ను ఇంజన్ ఆ మోత దగ్గరే ఉంచమని, తాను ఒక్కోదాని కడుపు మీద అరచెయ్యి పెట్టుకుంటూ పోయాడు, బడిలో పిల్లల్ని లెక్కపెడుతున్నట్టు. ఒక ఇత్తడి బిందె దగ్గర ఆగాడు.

"గిది వలుకుతున్నది దొరా. వచ్చి సూడుండ్రి."

వెళ్లి చెయ్యి పెట్టాను. ఎవరూ ముట్టని బిందె తనంతట తాను సన్నగా వణుకుతోంది. పక్కవన్నీ ఊరికే ఉన్నాయి. ఏ మోతకు ఏ బిందె పలుకుతుందో, ఆ మోతను ఆ బిందే మింగుతుందని అతని లెక్క. గొట్టం పక్కన ఒక చిల్లు చేసి, చిన్న మెడ పెట్టి, దానికి బిందె మూతిని మాటు వేసి అతికించాడు. బిందెకు ఇంకో దారి లేదు. పొగ తన దారిన పోతుంది. మోత మాత్రం పక్కకు తిరిగి అందులో దూరి అక్కడే ఉండిపోతుంది.

కారు నడిపితే మోత లేదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఒక కోసు దూరం పోయి గొట్టం వేడెక్కగానే మళ్లీ గుమ్మ్ అంది. లచ్చయ్య అప్పుడు ఒక ఖాళీ చెంబును నిప్పుల మీద పెట్టి, చల్లగా ఉన్నప్పుడొకసారి, కాగినాక ఒకసారి మూతి మీద గాలి ఊది విన్నాడు. "ఉడుకు మీద దీని గొంతు సన్నవడ్డది దొరా. ఇంకింత కడుపున్నది గావాలె," అన్నాడు.

అంతకంటే పెద్ద కడుపున్నది ఇంట్లో ఒక్కటే ఉంది. అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి బిందె. దాని మీద మా అమ్మమ్మ తండ్రి పేరు చుక్కల్లో ఉంటుంది. అవ్వ అందులోని నీళ్లు జాజిచెట్టుకు పోసి, తడి కూడా తుడవకుండా నా చేతిలో పెట్టింది. "మీ బాపు చెవులకు నా పుట్టింటి బింద. కొండవోండ్రి. ఈ మనిషితోని నేను ఎన్ని వడ్డనో, ఇగ గిది గూడ వడనీ," అని నవ్వింది.

ఈసారి కుదిరింది. వేడెక్కే కొద్దీ ఇంకా కుదిరింది. మాటు గట్టిపడ్డాక లచ్చయ్య కారు కింద నుంచి జరిగి బయటికి వచ్చి, చేతులు పంచెకు తుడుచుకుంటూ అడిగాడు.

"ఒక ముచ్చట దొరా, కోపం జెయ్యద్దు. గీ బింద మూతి కాడ నా పేరు నాలుగు చుక్కలు కొట్టుకుంట. భూమికి తప్ప ఎవ్వలికి కనవడది."

"మా బింద మీద నీ పేరేంది లచ్చయ్యా?" అన్నాను.

"అవ్ మల్ల," అని నవ్వి ఉలి సంచిలో పెట్టుకున్నాడు. నాకు ఆ క్షణంలో చిన్న తప్పు కూడా చేసినట్టు అనిపించలేదు. అది నిజంగా చెబుతున్నాను.

తర్వాతి ఏకాదశికి బాపును ఎక్కించుకున్నాను. మాటు నిలుస్తుందో లేదో చూడడానికి లచ్చయ్య కావాలి. గోదావరి స్నానానికి మనతో వస్తున్నాడని బాపుకు చెప్పాను. లచ్చయ్య పక్క మెట్టు మీద నిలబడి కిటికీ పట్టుకున్నాడు. బాపు కర్ర మీద రెండు చేతులూ పెట్టి వింటున్నారు. వాగు దాటాక, "నా బండి నాకు దొరికింది," అన్నారు. తర్వాత ముందుకు వంగి, ఎప్పటిలాగే, లేస్తున్నరా అని అడిగారు. నేను లేస్తున్నరన్నాను. లచ్చయ్య ఖాళీ అరుగుల వంక చూసి, నా వంక చూసి, కిటికీలోకి తల పెట్టాడు.

"అందరు లేసిండ్రు పెద్ద దొరా. ముసలి ఎంకటి గూడ కట్టె వట్టుకోని లేసిండు."

బాపు నవ్వారు. ఆ నవ్వు నేను చాలా ఏళ్ల తర్వాత విన్నాను.

అలాంటి మనిషిని నేనేం చేశానో ఇప్పుడు చెప్పాలి.

స్నానం అయి, బాపును వెనక సీటులో కూర్చోబెట్టి, ఇంజన్ వేడెక్కనివ్వడానికి కారును ఒడ్డున అలాగే ఉంచాను. లచ్చయ్య వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని మాటు చూస్తున్నాడు. కరీంనగర్‌లో లారీలు, మోటారు కార్ఖానా ఉన్న సేటు ఒకాయన నన్ను గుర్తుపట్టి వచ్చాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, వంగి, పొగ గొట్టం చివర అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఇంజన్ చాలూ ఉన్నదా దేశ్‌ముఖ్ సాబ్? కమాల్ ఉన్నది! నా కార్ఖానల పాత కార్లకు లారీ ఇంజన్లు ఎక్కిస్తున్న. ఒక్కొక్కటి కుక్కల మంద తీర్గ మొర్గుతయ్. గిరాకులు నా పానం తీస్తున్నరు. దీని పని ఎవ్వలు జేసిండ్రు? గా మనిషిని నాకియ్యుండ్రి. నెల జీతం ఇస్త, ఉండనీకె ఇల్లిస్త. సైలెన్సర్ల పనంత ఆయన చేతులనే వెడ్త."

లచ్చయ్య తల ఎత్తలేదు. అతని చెయ్యి మాత్రం మాటు దగ్గర ఆగిపోయింది.

"ఎవ్వలు జేసేదేమున్నది సేటు," అన్నాను. "విలాయతి బండి. పుట్టుకతోనే గంత."

సేటు చక్రం వైపు చూశాడు. "మరి గీయన?"

"మా ఊరి కంచరి. తానానికి వచ్చిండు."

"అవునా పెద్దమనిషీ?"

లచ్చయ్య లేచాడు. నా వంక చూశాడు. ఎంతోసేపు చూడలేదు.

"అవు సేటు, తానానికే. నా చేతులు సూస్తలేరా, ఎంత మురికున్నయో?"

సేటు నవ్వాడు. లోపల బాపు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత లచ్చయ్య రేవు మెట్లు దిగి వెళ్లి గోదావరిలో మునిగాడు. స్నానం చేయాలని అతను రాలేదు. మార్చుకోవడానికి బట్టలు కూడా తెచ్చుకోలేదు. నా మాట నిజం చేయడానికి మునిగి, నీళ్లు కారుతున్న పంచెతోనే కారు మెట్టు మీద నిలబడి ఇంటిదాకా వచ్చాడు.

దారిలో నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు. "మంచిగన్నరు దొరా. పెద్ద దొర ఇంటుండె గద."

చాలా ఏళ్లు ఆ మాట పట్టుకునే బతికాను. బాపు వింటున్నారు కాబట్టి అన్నాను. గుడ్డి తండ్రి మనసు విరగకూడదని అన్నాను. ఎంత మంచి కొడుకు! కానీ నన్ను నేను నిలదీసి అడిగితే, ఆ ఒడ్డు మీద సేటు ప్రశ్న విన్నప్పుడు నాకు బాపు గుర్తుకు వచ్చారా? రాలేదు. గుర్తుకు వచ్చింది కరీంనగర్ బజారు. దేశ్‌ముఖ్ కారు కింద లారీ ఇంజనట, దాని నోరు మూయడానికి నీళ్ల బిందె కట్టుకున్నాడట అని ఎవడో ఎవడికో చెప్పి నవ్వడం. అదే గుర్తుకు వచ్చింది. బాపు పేరుతో వచ్చిన ఆ సాకు నాది కూడా కాదు. లచ్చయ్య ఇచ్చాడు. అతను చేసిన పనిలాగే దాన్ని కూడా తీసుకున్నాను, ఎవరు చేశారో చెప్పకుండా.

పోనీ, మర్నాడు ఒక్కణ్ణే కరీంనగర్ పోయి సేటు చెవిలో చెప్పలేకపోయానా? బాపుకు తెలిసేది కాదు. అది మొదటి వీలు. పోలేదు.

బాపు ఇంకో రెండేళ్లు ఉన్నారు. ఆ ఏకాదశులన్నీ బాగా గడిచాయి. తన కారులోనే తిరుగుతున్నానని నమ్ముతూ పోయారు. మాసికాలన్నీ ముగిశాక ఒక పొద్దున లచ్చయ్య వచ్చాడు. కొలిమి ఆర్పేశానన్నాడు. సేటుకు ఒక చీటీ రాసియ్యమన్నాడు, ఈ పని వీడు చేశాడని రెండు ముక్కలు. "ఇప్పుడు పెద్ద దొర గూడ లేకపాయె," అన్నాడు, ఆ అడ్డు కూడా తొలగిందని నాకు గుర్తు చేస్తున్నట్టు, ఎంతో మెత్తగా.

రేపు రమ్మన్నాను. వెళ్లి కాగితం ముందు పెట్టుకున్నాను. సేటు గారికి నమస్కారాలని రాశాను. మా కారుకు ఉన్నది లారీ ఇంజన్ అనే వాక్యం దగ్గర కలం ఆగింది. ఆ వాక్యం రాయకుండా తక్కినది రాయడానికి చూశాను. కుదరదు. మోత లేకపోతే దాన్ని మింగిన బిందె ఎక్కడిది? మర్నాడు కూడా రేపు రమ్మన్నాను. మూడోసారి కూడా. లేదని ఒక్కసారీ అనలేదు. లేదంటే అతనికి కోపమన్నా వచ్చేది. నాలుగోసారి అతను రాలేదు.

కాగజ్‌నగర్ పోయి మిల్లుకు వచ్చే వెదురు దింపే పనిలో చేరాడని తర్వాత తెలిసింది. బిందె కడుపు మీద చెయ్యి పెట్టి దాని గొంతు చెప్పగల మనిషి వెదురు కట్టలు మోశాడు. రెండేళ్లకో మూడేళ్లకో ఊరికి వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చేవాడు. అవ్వకు మొక్కి, నాతో కొట్టానికి వచ్చి, కారు కింద దూరి, "నా మాటు నిలవడ్డది దొరా," అని మురిసిపోయేవాడు. చీటీ సంగతి ఎత్తేవాడు కాదు. ఎత్తితే బాగుండునని నాకు ఉండేది. ఎత్తనందుకు అతని మీద కోపం కూడా వచ్చేది. చూశారా, నేను ఎలాంటి మనిషినో.

సేటు పోయాడు. అతని కార్ఖానా మూతబడింది. లచ్చయ్య కాగజ్‌నగర్‌లోనే బిడ్డ దగ్గర ఉన్నాడు. రైలెక్కితే పూటలో చేరుకుంటాను. ఎందుకు పోవడం లేదు? పోయి చెబితే అతను నన్ను తిట్టడు. కూర్చోబెట్టి చాయ పోసి, మళ్లీ ఒక సాకు వెతికి నా చేతిలో పెడతాడు. ఇంకొకటి తీసుకునే ముఖం నాకు లేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా కారుకు ఉన్నది లారీ ఇంజన్. విలాయతి ఇంజన్‌ను పగలగొట్టింది నేను. ఆ డబ్బా, ఆ బిందె, ఆ పనంతా మా ఊరి కంచరి లచ్చయ్యది. పన్నెండేళ్ల కింద కలం ఆగిన వాక్యం ఇదే. రాస్తే చెయ్యి పడిపోలేదు. నాలుగు మాటలు, అంతే. ఇంత తేలికైనదాన్ని ఇన్నాళ్లు మోశానా?

పోయిన ఎండాకాలం కారును అమ్మడానికి బేరం కుదిరాక, కొట్టం తలుపు వేసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను నేల మీద వెల్లకిలా పడుకుని కారు కింద దూరాను. బిందె మూతి చుట్టూ మసి గీకి చూశాను. నేను వద్దన్నా చాటుగా నాలుగు చుక్కలు కొట్టుకునే ఉంటాడని ఎందుకో ఆశ. వేలితో అంతా తడిమాను. మా అమ్మమ్మ తండ్రి పేరు చేతికి తగిలింది. ఇంకే పేరూ లేదు. వద్దన్నానని కొట్టుకోలేదు.

రాగి విడిగా తూచుకుంటాం, విప్పియ్యమని వచ్చినవాళ్లు అడిగారు. కొట్టం బయట పదిమంది నిలబడి చూస్తున్నారు. అక్కర్లేదన్నాను. కారును ఇనుప సామాను కింద, అవ్వ రాగి బిందెతో సహా, తూకానికి అమ్మేశాను.